ముఫ్త్ తఖ్తా వెనక ఒక తారీఖ్

తఖ్త్ అంటే సింహాసనం. తఖ్తా అంటే చెక్క పలక. రెండూ ఫార్సీ నుంచి ఉర్దూలోకి వచ్చిన మాటలే. మన పాత ఇళ్లల్లో వరండాలో వేసుకునే వెడల్పాటి చెక్క బల్లని కూడా తఖ్త్ అనే అంటాం. బాద్షా ఎక్కి కూర్చున్నదీ, దాదీ కూర్చుని పాన్‌దాన్ తెరిచేదీ ఒకే మాట. ఆ తఖ్త్‌లు ఇప్పుడు చాలా ఇళ్లల్లో లేవు. టేకు ధర వింటేనే గుండె ఝల్లుమంటుంది. మరో పక్క టైల్స్ షాపుల వెనక, గోదాముల బయట, ఫ్యాక్టరీల గోడల వెంట చెక్క ప్యాలెట్లు గుట్టలుగా పడి ఉంటాయి. వాటితో సోఫాలు, చెప్పుల స్టాండ్లు, మొక్కల తొట్లు, పిల్లల చదువు బల్లలు చేసుకోవచ్చని ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకుంటున్నాం. ఇక అందరూ అడిగే సవాల్ ఒకటే: "ఇవి ముఫ్త్‌గా ఎక్కడ దొరుకుతాయి?"

దానికి ముందు ఇంకో మూడు సవాళ్లు వేసుకోవాలి. ఇన్ని ప్యాలెట్లు దునియాలోకి ఎందుకొచ్చాయి? వీటి మాలిక్ ఎవరు? ఇవి ఏ జహర్ తాగి వచ్చాయి? మూడింటికీ జవాబు ప్యాలెట్ తారీఖ్‌లోనే ఉంది. తారీఖ్ అంటే మనం వాడే తేదీ కాదు, ఉర్దూ కితాబుల్లో చెప్పే తారీఖ్, అంటే చరిత్ర.

హమాలీ వీపు మీద నుంచి

నూరేళ్ల కింద దాకా దునియాలో సామానంతా మనిషి వీపు మీదే నడిచింది. ఓడలోంచి దించినా, రైలు డబ్బాలోకి ఎక్కించినా ఒక్కో మూటా, ఒక్కో పెట్టే చేతులతో మోయాల్సిందే. మలక్‌పేట గంజ్‌లోనో బేగంబజార్‌లోనో లారీ దగ్గర బస్తా వీపుకెత్తుకునే హమాలీని చూస్తే ఆ జమానా ఇంకా ఖతం కాలేదని తెలుస్తుంది.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని క్లార్క్ కంపెనీ 1917లో తన కార్ఖానాలో సామాన్ అటూ ఇటూ చేర్చుకోవడానికి ట్రక్‌ట్రాక్టర్ అనే చిన్న బండి తయారు చేసుకుంది. ఆ తర్వాతి పదేళ్లలో సామాన్ని ఎత్తి దించే బళ్లు షురూ అయ్యాయి. బండి ఇనుప నాలుకలు కిందికి దూరాలంటే సామాన్ నేలకి ఆనకుండా కాస్త ఎత్తు మీద ఉండాలి. అందుకని రెండు దిమ్మల మీద అడ్డంగా పలకలు కొట్టి పీఠాలు చేశారు. తర్వాత వాటి కింద కూడా పలకలు కొట్టారు. కింద పలకలు ఉంటే బరువు సమంగా పడుతుంది, ఒకదాని మీద ఇంకోటి పేర్చినా కింది సామాన్‌లోకి దిగబడదు. మనం ఇవాళ చూస్తున్న ప్యాలెట్ అలా పుట్టింది.

దాని ఫాయిదా ఎంతో చెప్పడానికి 1931 నాటి ఒక లెక్కని తరచూ చెబుతారు. 13,000 పెట్టెల డబ్బా ఆహారం ఉన్న రైలు డబ్బాని చేతులతో ఖాళీ చేయడానికి మూడు రోజులు పట్టింది. అదే సరుకు ప్యాలెట్ల మీద వస్తే నాలుగు గంటల్లో ఖాళీ అయింది. ఆ లెక్కని మాలిక్ ఒకలా చదువుతాడు, మజ్దూర్ ఇంకోలా చదువుతాడు. మూడు రోజుల కూలి నాలుగు గంటలకి కుంచించుకుపోయిందన్నది అందులో ఎవరూ పైకి చదవని వాక్యం. వీపుకి ఆరామ్ దొరికిన మాట నిజం. ఆ వీపు మీద బతికిన ఇల్లు ఏమైందన్నదీ అడగాల్సిన మాటే.

జంగ్‌లో పెరిగి, కిరాయికి తిరిగి

ప్యాలెట్‌ని దునియా అంతా తిప్పింది రెండో ప్రపంచ యుద్ధం. సముద్రాలు దాటి ఫౌజ్‌కి రేషన్, మందుగుండు చేరవేయాలంటే మూటలు మోస్తూ కూర్చుంటే కుదరదు. అమెరికా ఫౌజ్ లక్షల ప్యాలెట్లు వాడింది. అప్పట్లో చాలా ప్యాలెట్లకి బండి నాలుకలు రెండు వైపుల నుంచే దూరేవి. అమెరికా నౌకాదళంలో పనిచేసిన నార్మన్ కాహ్నర్స్ నాలుగు వైపుల నుంచీ ఎత్తగలిగే ప్యాలెట్‌కి రూపం ఇచ్చాడు. ఇరుకు గోదాముల్లో అది పెద్ద మార్పు.

జంగ్ ముగిసింది. అమెరికన్లు ఆస్ట్రేలియాలో ప్యాలెట్లనీ, ఎత్తే బళ్లనీ వదిలేసి వెళ్లారు. వాటిని ఏం చేయాలి? ఆస్ట్రేలియా సర్కారు వాటిని ఒక చోట చేర్చి, అందరూ వాడుకునే ఉమ్మడి సామాన్‌గా పెట్టింది. కామన్వెల్త్ హ్యాండ్లింగ్ ఎక్విప్‌మెంట్ పూల్ అని దాని పేరు. ఆ పేరులోని తొలి అక్షరాలు కలిపితే వచ్చిందే చెప్. 1958లో అది బ్రాంబుల్స్ అనే ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లింది. ఆ కంపెనీ ప్యాలెట్లకి వేసే రంగు నీలం. ప్యాలెట్ అమ్మరు, కిరాయికి ఇస్తారు. సామాన్ చేరాక వాపస్ తీసుకుంటారు. ఇవాళ అవి మన దేశంలోనూ తిరుగుతున్నాయి.

యూరప్ ఇంకో దారి పట్టింది. 1961లో అక్కడి రైల్వేలు కలిసి అందరికీ ఒకే కొలత ఖాయం చేసుకున్నాయి: 1200 మిల్లీమీటర్ల పొడవు, 800 వెడల్పు. 11 పలకలు, 9 దిమ్మలు, 78 మేకులు. నిండు ప్యాలెట్ తెచ్చినవాడికి ఖాళీది ఇచ్చి పంపాలన్నది కాయిదా. మన ఇళ్ల మధ్య గిన్నెలో కూర వస్తే గిన్నె ఖాళీగా పంపకుండా ఏదో ఒకటి పెట్టి పంపుతామే, దానికి తిరగేసిన లెక్క.

ఇక్కడే రెండో సవాల్‌కి జవాబు ఉంది. నీలం రంగు ప్యాలెట్, కంపెనీ పేరు చిత్రించి ఉన్న ప్యాలెట్ గోడ పక్కన అనాథలా పడి ఉన్నా దానికి మాలిక్ ఉన్నాడు. అది అక్కడ ఉన్నది అమానత్‌గా. షాపువాడు "తీసుకుపో భాయ్" అన్నా, ఇచ్చే హక్కు అతనికి లేదు. మరి ఎవరిదీ కానిది ఏది? రంగు లేకుండా, సన్నటి పలకలతో, ఒక్క ప్రయాణానికే చేసిన చౌక ప్యాలెట్. విదేశాల నుంచి టైల్స్, మిషన్లు, గాజు పలకలు మోసుకొచ్చాక దాని పని ఖతం. దాన్ని వాపస్ పంపితే ఖర్చు దాని కీమత్ కన్నా ఎక్కువ. ముఫ్త్‌గా దొరికేది అదే.

కీడా నేర్పిన కాయిదా

మూడో సవాల్ జహర్‌ది. అది 1996లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వీధుల్లో మొదలైంది. అక్కడి మేపుల్ చెట్ల కాండాలకి పెన్సిల్ పట్టేంత గుండ్రటి రంధ్రాలు కనిపించాయి. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఒంటి కన్నా పొడుగు మీసాలు ఉన్న ఆసియా జాతి పురుగు అది. చైనా నుంచి సామాన్ తెచ్చిన ప్యాకింగ్ చెక్కలో దాక్కుని సముద్రం దాటింది. 1998లో షికాగోలోనూ బయటపడింది. దాన్ని ఆపడానికి వేలాది చెట్లు నరికేశారు. కంటికి ఆనని ఒక చెక్క ముక్క ఒక శహర్ నీడనంతా తీసుకుపోయింది.

ఆ దెబ్బతో 2002లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ కింద పనిచేసే మొక్కల రక్షణ ఒప్పందం వాళ్లు ఒక కాయిదా తెచ్చారు. దేశం దాటే ప్యాకింగ్ చెక్కలో పురుగు బతికి ఉండకూడదు. దానికోసం చెక్క గుండెదాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు తగలాలి. లేదా మిథైల్ బ్రోమైడ్ అనే గ్యాస్ పట్టించాలి. ఏది చేశారో చెక్క మీద ముహర్ కొట్టాలి.

కాబట్టి ప్యాలెట్ చేతికొస్తే ముందు దాని పక్క దిమ్మ మీద ముహర్ చదవండి. గోధుమ కంకి బొమ్మ ఉంటుంది. పక్కన దేశం గుర్తుగా రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, మన దేశానికైతే "ఐఎన్". తర్వాత తయారీదారు నంబరు. చివర రెండక్షరాలే మనకి కావలసింది. "హెచ్‌టీ" అంటే వేడి పట్టించినది. దానితో పని చేసుకోవచ్చు. "ఎంబీ" అంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించినది. అది మనిషి ఊపిరికి, నరాలకి జహర్. ఓజోన్ పొరని తినేస్తుందని మాంట్రియల్ ఒప్పందం దాని వాడకాన్ని బిగించింది, యూరప్ 2010లో పూర్తిగా ఆపేసింది. ఆ ముహర్ ఉన్న చెక్క ఎంత మజ్‌బూత్‌గా ఉన్నా ఇంట్లోకి తేకండి. ముహర్ అసలే లేకపోతే? దేశంలోపలే తిరిగిన ప్యాలెట్ అయి ఉండొచ్చు. అప్పుడు అది ఏం మోసిందో అడగాలి.

ఎందుకంటే చెక్క తాను మోసినదాన్ని మరిచిపోదు. అమెరికాలో టైలెనాల్ మాత్రల డబ్బాల్లోంచి బూజు వాసన వస్తోందని, కడుపులో తిప్పుతోందని జనం ఫిర్యాదు చేశారు. 2010లో కంపెనీ భారీగా మందులు వాపస్ తీసుకుంది. వెతికితే కారణం మాత్రల్లో లేదు, వాటి సామాన్ మోసిన చెక్క ప్యాలెట్లలో ఉంది. చెక్కకి పట్టించిన రసాయనం విరిగి ఆ వాసన పుట్టించింది. సీసాలో మూతపెట్టిన మాత్రకే అంటుకున్న వాసన, దాని మీద పడుకునే పసిబిడ్డకి అంటుకోదా? నూనె మరక, రంగు మరక, తెలియని వాసన ఉన్న చెక్కని ముఫ్త్‌గా ఇచ్చినా వద్దనండి. మిగిలిన ముక్కల్ని పొయ్యిలో పెట్టి మంట పెట్టకండి.

గరీబ్ చెక్కకి ఇజ్జత్ ఇచ్చినవాళ్లు

ప్యాకింగ్ చెక్కతో ఫర్నిచర్ చేయడం ఫోన్ల జమానాలో పుట్టిన సరదా కాదు. 1934లో, దునియా అంతా మందగమనంలో ఉన్నప్పుడు, హాలండ్‌కి చెందిన గెరిట్ రీట్‌వెల్డ్ పెట్టెలు చేసే చౌక చెక్కతో కుర్చీ గీశాడు. రంగూ, నునుపూ ఏమీ లేని పలకలు, కొన్ని స్క్రూలు. 1974లో ఇటలీకి చెందిన ఎంజో మారీ సాదా పలకలు, మేకులు, సుత్తితో ఎవరైనా చేసుకోగల బల్లలు, మంచాలు, కుర్చీల నక్షాలు గీసి, తపాలా ఖర్చు పంపినవాళ్లకి ముఫ్త్‌గా పంపాడు. తన చేత్తో చేసుకున్నవాడికి మంచి వస్తువేదో, కాదేదో తెలుస్తుందని అతని నమ్మకం.

మన దగ్గర ఈ పని ఎప్పటి నుంచో ఉంది, కాకపోతే దానికి డిజైన్ అనే పేరు లేదు. జుమ్మెరాత్ బజార్‌లో పాత తలుపు కొని మంచం చేసుకున్న కుటుంబాలు, గల్ఫ్ గోదాముల్లో పనిచేస్తూ విరిగిన ప్యాలెట్‌తో గదిలో బెంచీ కొట్టుకున్న మన పిల్లలు ఏ కితాబులోకీ ఎక్కలేదు.

ఇక ఎక్కడ అడగాలి

జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు, చర్లపల్లి లాంటి చోట్ల చిన్న కార్ఖానాలు, టైల్స్, గ్రానైట్, శానిటరీ షాపులు, మిషన్లు తెప్పించుకునే ప్రింటింగ్ ప్రెస్‌లు, సోలార్ పలకలు బిగించేవాళ్లు, విశాఖ చుట్టూ పోర్టు గోదాములు. పెద్ద కంపెనీల్లో ప్రతి చెక్కకీ కాంట్రాక్టర్ ఉంటాడు, అక్కడ టైమ్ వేస్ట్. చిన్న షాపుకి పొద్దున పూట, గిరాకీ లేనప్పుడు వెళ్లి, సలాం చెప్పి, మాలిక్‌నే అడగండి. వాచ్‌మన్ ఇజాజత్ ఇజాజత్ కాదు, రేపు అతని ఉద్యోగం మీదికొస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మన దేశంలో చెత్త అని మనం అనుకునేదాని మీద ఎవరో ఒకరి రోజీ ఉంటుంది. ఆ గుట్టని రోజూ తీసుకెళ్లే కబాడీ భాయ్ ఉంటే, అతని దగ్గరే పదో ఇరవయ్యో ఎక్కువ ఇచ్చి కొనండి. సరదా కోసం మనం ముఫ్త్‌గా ఎత్తుకొస్తే అతని సాయంత్రం పొయ్యి మీద పడుతుంది. ప్యాలెట్ ఒకసారి హమాలీ కూలి మింగింది, రెండోసారి కబాడీ నోటిది మనం లాగకూడదు.

ఇంటికి తెచ్చాక సబర్ కావాలి. ప్యాలెట్ మేకులు మరలు తిరిగి ఉంటాయి, లాగితే పలక చీలుతుంది. పలకకీ దిమ్మకీ మధ్య ఇనుము కోసే ఆరీ పెట్టి మేకుని కోసేయడమే తేలిక. పలకలో మిగిలిన మేకు తలని లోపలికి కొట్టకుండా రందా పట్టొద్దు, పదును పోతుంది. గీకేటప్పుడు ముక్కుకి మాస్క్, చేతికి గ్లోవ్స్, పిల్లలు దూరంగా. ఎండలో వారం ఆరబెట్టి, పగుళ్లు చూసి, అప్పుడు కొలతలు వేయండి. ఒక్కో ప్యాలెట్‌లో పనికొచ్చే చెక్క మనం అనుకున్నదానికన్నా తక్కువే ఉంటుంది. మొదటిసారి చెప్పుల స్టాండ్‌తో షురూ చేయండి. తఖ్త్ తర్వాత.

అది తయారయ్యాక పిల్లలు దాని మీద కూర్చుని "ఇది ఎక్కడిది?" అంటారు. చెక్క మీద మిగిలిన ముహర్ ముక్కని చెరిపేయకుండా ఉంచండి. ఏ దేశం నుంచి వచ్చింది, ఎందుకు వేడి పట్టించారు, ఎవరు మోశారు, ఎవరిని అడిగి తెచ్చాం, అన్నీ దాని మీద వేలు పెట్టి చెప్పొచ్చు.