మెడిక్లెయిమ్ నాటి నుంచి

పాలసీ పుస్తకంలో ప్రతి షరతుకూ ఒక పుట్టిన తేదీ ఉంది. ఆ తేదీ తెలిసినవాడు పాలసీ ఎంచుకోవడంలో తడబడడు. విజయవాడలో సాధారణ బీమా ఏజెంటుగా బతికినవాణ్ణి కనక ఈ మాట నమ్మకంగా చెబుతున్నాను.

1986లో మెడిక్లెయిమ్ వచ్చేదాకా ఒక కుటుంబం తనకు తానుగా కొనుక్కోగల ఆసుపత్రి బీమా దాదాపు లేదు. ఫ్యాక్టరీ కార్మికులకు 1948 చట్టం కింద ఈఎస్ఐ ఉంది. 1952లో కాన్పూరు, ఢిల్లీల్లో అది మొదలైంది. కేంద్ర ఉద్యోగులకు 1954 నుంచి సీజీహెచ్ఎస్. రైల్వేవాళ్లకు రైల్వే ఆసుపత్రి. వన్ టౌన్ బట్టల కొట్టాయనకూ, ఆటోనగర్ మెకానిక్కుకూ ఏమీ లేదు. పెద్ద జబ్బు చేస్తే ఇంట్లో ఆడవాళ్ల బంగారం తాకట్టుకు పోయేది, అదీ చాలకపోతే ఊళ్లో పొలం.

మెడిక్లెయిమ్ వచ్చిన కొత్తల్లోనే నేను ఈ పనిలో చేరాను. సాధారణ బీమా మొత్తం 1973లో జాతీయమైంది కాబట్టి ఉన్నవి నాలుగు సర్కారు కంపెనీలే. నాలుగింటిదీ ఒకే పాలసీ, ఒకే ప్రీమియం పట్టిక. "ఏది మంచిదండీ?" అని అడగాల్సిన అవసరమే ఎవరికీ లేదు. లారీలకూ గోడౌన్లకూ పాలసీలు రాసే మా చేత మనిషి ఒంటికి పాలసీ రాయించడమే అప్పట్లో వింత. "నేను ఆసుపత్రి పాలవ్వాలని కోరుకుంటున్నావా?" అని తిట్టి పంపినవాళ్లూ ఉన్నారు.

ఆనాటి షరతులు గట్టివి. ఆసుపత్రిలో కనీసం 15 మంచాలుండాలి, చిన్న ఊళ్లలో 10. రోగి 24 గంటలు లోపలుండాలి. ఇరవై నాలుగు గంటలూ నర్సులు, డాక్టరు, సొంత ఆపరేషన్ థియేటరు ఉండాలి. మొదటి ఏడాది శుక్లాలు, హెర్నియా, వరిబీజం, మొలలు, సైనసు, గర్భసంచి ఆపరేషన్లకు డబ్బు రాదు. మా సూర్యారావుపేటలో డాక్టరుగారి మేడ మీద ఆరేడు మంచాలతో నడిచే నర్సింగ్‌హోములు చాలానే ఉండేవి. వైద్యం బాగుండేది, జనానికి నమ్మకమూ ఉండేది. కానీ అక్కడ చేరితే క్లెయిమ్ తిరిగొచ్చేది. మంచాలు లెక్కపెట్టే నియమం దొంగ ఆసుపత్రులను ఆపడానికే పెట్టారు. దానికి మంచి ఆసుపత్రులూ బలయ్యాయి.

అన్నిటికన్నా మనసు కాల్చింది పాత జబ్బు షరతు. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకు ఆ రోజుల్లో ఎన్నేళ్లయినా డబ్బు రాదు. మా దగ్గర ఏటేటా తప్పకుండా కట్టిన ఒక వ్యాపారికి గుండె ఆపరేషన్ అయింది. షుగరు చాలా ఏళ్లుగా ఉందని డాక్టరు కేసు షీటులో రాశాడు. ఆ ఒక్క వాక్యంతో క్లెయిమ్ మొత్తం పోయింది. "షుగరు ఎవరికి లేదు బాబూ?" అని ఆయన భార్య అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ షరతు అన్యాయమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. 2008లో అది 48 నెలలకు దిగింది. 2024లో 36 నెలలకు తగ్గింది. ఈ మార్పు మొదట్లోనే జరిగి ఉంటే ఎన్నో ఇళ్లు నిలబడేవి.

డబ్బు చేతికందే దారి కూడా అప్పట్లో పొడుగే. ముందు అప్పోసొప్పో చేసి ఆసుపత్రికి కట్టాలి. ఆ తర్వాత డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీలు, స్టాంపు పడిన రసీదులు పోగేసుకుని ఆఫీసుకు తిరగాలి. 2001లో, కంపెనీల తరఫున క్లెయిములు చూసే థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్లకు నిబంధనలు వచ్చాక క్యాష్‌లెస్ మొదలైంది. రోగి బంధువు చేతిలో నోట్ల కట్టలకు బదులు కార్డు చూసిన రోజు మా ఏజెంట్లందరికీ పండగే.

1999 చట్టంతో బీమా నియంత్రణ సంస్థ ఏర్పడింది. దాని కార్యాలయం హైదరాబాదుకే వచ్చింది. ప్రైవేటు కంపెనీలు దిగాయి, 2006లో కేవలం ఆరోగ్య బీమాకే ఒక కంపెనీ పుట్టింది. ఎంచుకోవడమన్న తలనొప్పి జనానికి అప్పుడే మొదలైంది. ఆ దశాబ్దంలోనే గది అద్దె పరిమితి వచ్చి చేరింది. చాలామందికి ఇది బిల్లు చేతికొచ్చాకే అర్థమవుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పాలసీ మూడు లక్షలు, గది అద్దె పరిమితి ఒక శాతం అనుకోండి. రోజుకు 3,000 రూపాయల గదే మీకు హక్కు. ఆరు వేల గదిలో చేరితే కోసేది అద్దెలో తేడా ఒక్కటే కాదు. సర్జను ఫీజు, థియేటరు ఖర్చు కూడా సగానికి సగం కోస్తారు, ఎందుకంటే గదిని బట్టి ఆసుపత్రి ఆ ఫీజులూ పెంచుతుంది. మందులు, పరీక్షలు, శరీరంలో అమర్చే పరికరాల మీద ఇలా కొయ్యకూడదని 2020లో నియంత్రణ సంస్థ చెప్పింది. మిగతాది ఇప్పటికీ కోతే.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ ఆరంభమైంది. తెల్లకార్డు కుటుంబానికి లక్షన్నర, పైన అవసరమైతే యాభై వేలు. పాత జబ్బని ఎవరినీ తిప్పి పంపలేదు. అప్పటినుంచి నా ఖాతాదార్ల ధోరణి మారింది. "తెల్లకార్డు మీద లేని మెలిక డబ్బు కట్టే మాకెందుకు?" అని నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనది.

ఆ తర్వాతివి చకచకా జరిగాయి. 2011 అక్టోబరు నుంచి, పాత జబ్బు కోసం గడిపిన వెయిటింగ్ కాలం పోకుండా కంపెనీ మారే హక్కు వచ్చింది. పెద్ద క్లెయిమ్ చేసినవాడికి మరుసటేడు రెన్యూవల్ నిరాకరించే అలవాటుకు 2013 నిబంధనలు అడ్డుకట్ట వేశాయి. 2024లో కొత్త పాలసీ కొనడానికి ఉన్న 65 ఏళ్ల వయసు హద్దు తీసేశారు. ఐదేళ్లు ఆపకుండా కట్టినవాడి క్లెయిమును, మోసం రుజువు చేస్తే తప్ప, ఏదో దాచావని కొట్టెయ్యకూడదన్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు.

అందుకే ఇప్పుడు ఎవరొచ్చి అడిగినా కంపెనీ పేరు చివర్న చెబుతాను. గది అద్దెకు పరిమితి ఉందా, పాత జబ్బుకు ఎన్ని నెలలు ఆగాలి, బిల్లులో మనం భరించాల్సిన వాటా ఎంత, మన ఊరి ఆసుపత్రి నెట్‌వర్కులో ఉందా — ముందు ఇవి చూడమంటాను. ప్రీమియం చవగ్గా ఉంటే ఈ నాలుగింటిలో ఎక్కడో కోత ఉంటుంది.

ఇంకొక్క మనవి. ప్రపోజల్ ఫారం నాలాంటి ఏజెంటు చేత నింపించకండి. షుగరు, బీపీ, ఎప్పుడో అయిన ఆపరేషను, అన్నీ మీ చేత్తో మీరే రాయండి. ప్రీమియం పెరిగితే పెరగనివ్వండి, నకలు ఒకటి ఇంట్లో దాచుకోండి.