తొలగించరాని చిట్టా

విద్యార్థులారా, 2017 అక్టోబరులో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ పదవ వెర్షన్ వెలువడింది. అందులో ఒక ఫోల్డరు పేరు మారింది. అంతవరకు 'పీజీ ఎక్స్‌లాగ్' అనే పేరుతో ఉన్నది 'పీజీ వాల్' అయింది. కారణం విడుదల పత్రంలోనే ఉంది. పేరులో 'లాగ్' అని చూసి, ఇవి అక్కరలేని ఫైళ్ళనుకొని కొందరు చేతులారా తొలగించారు. ఆ సమాచారం మళ్ళీ దొరకలేదు.

చిక్కంతా 'లాగ్' అనే మాటలో ఉంది. పూర్వం నావికులు తాడు కట్టిన చెక్కముక్కను నీటిలో విడిచి ఓడ వేగం కొలిచేవారు. ఆంగ్లంలో దుంగను లాగ్ అంటారు. ఆ కొలతలు రాసే పుస్తకం లాగ్ బుక్ అయింది. కంప్యూటరులో మొదటి రకం లాగ్ ఇలాంటిదే. ఎవరు ప్రవేశించారు, ఏ లోపం ఎదురైంది అన్నవి అందులో ఉంటాయి. పాతబడితే తీసివేయవచ్చు. అయితే ఒక మెలిక ఉంది. యూనిక్స్ తరహా యంత్రంలో సర్వర్ తెరిచి ఉంచిన ఫైలును తొలగిస్తే పేరు మాత్రమే పోతుంది, డిస్కులో చోటు ఖాళీ కాదు. అందుకే ఫైలు పేరు మార్చి, కొత్తది తెరవమని సర్వర్‌కు సంకేతం పంపుతారు.

రెండవ రకం వేరు. మన వర్తకులు బేరం జరగగానే చిట్టాలో రాసి, తీరికగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. డేటాబేస్ కూడా అంతే. ఏ మార్పునైనా ముందు లాగ్‌లో డిస్కుకు ఎక్కించి, ఆ తరువాతే అసలు పట్టికలో రాస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఈ చిట్టాయే దిక్కు. ఈ నియమాన్ని ఐబీఎం పరిశోధకుడు జిమ్ గ్రే 1978 నాటి తన వ్యాసంలో వివరించాడు. 1998లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించింది. మద్రాసు ఐఐటీలో కెమికల్ ఇంజనీరింగ్ చదివిన సి. మోహన్, ఐబీఎం సహచరులతో కలిసి 1992లో 'ఏరీస్' పద్ధతిని ప్రచురించారు. ప్రతి నమోదుకూ ఒక వరుస సంఖ్య ఉంటుంది. పట్టికలోని ప్రతి పేజీ, తనకు చేరిన చివరి నమోదు సంఖ్యను తనపైనే గుర్తుంచుకుంటుంది. కాబట్టి ప్రమాదం తరువాత ఏది మళ్ళీ చేయాలో, ఏది రద్దు చేయాలో స్పష్టంగా తెలుస్తుంది. 1986లో బర్క్‌లీలో మొదలైన పోస్ట్‌గ్రెస్‌కు మాత్రం ఇటువంటి చిట్టా 2001లో, 7.1 వెర్షన్‌తో గాని రాలేదు.

మరి ఈ చిట్టా పెరుగుతూ పోతే? ఆవర్జాకు ఎక్కిన పుటలతో ఇక పని ఉండదు కదా! సర్వర్ పని ఆపకుండానే అప్పుడప్పుడు 'చెక్‌పాయింట్' తీసుకొని, ఎక్కడివరకు ఎక్కిందో గుర్తు పెట్టుకుంటుంది. అంతకు ముందరి ఫైళ్ళను తానే తీసివేస్తుంది, లేదా మళ్ళీ వాడుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో ఫైలు మామూలుగా 16 మెగాబైట్లు. కనుక ఫోల్డరు ఉబ్బుతూ ఉంటే ఫైళ్ళ మీద చెయ్యి వేయకండి. వాటిని ఎవరు పట్టి ఉంచారో చూడండి. భద్రపరిచే ఏర్పాటు విఫలమై ఉండవచ్చు, లేదా నకలు సర్వర్ ఆగిపోయి ఉండవచ్చు. 2014లో వచ్చిన 9.4 వెర్షన్ నుండి, నకలు అందుకొనేవరకు చిట్టాను ఆపి ఉంచే 'స్లాట్' ఏర్పాటు ఉంది. నకలు తిరిగి రాకపోతే డిస్కు నిండి అసలు సర్వరే నిలిచిపోతుంది. 2020లో 13వ వెర్షన్ దీనికి హద్దు పెట్టుకొనే వీలు కల్పించింది. హద్దు దాటితే ఆ స్లాటు చెల్లకుండా పోతుంది, నకలును మొదటినుండి తయారు చేసుకోవాలి. నిర్వాహకుడు ప్రత్యేకంగా పెడితే తప్ప ఆ హద్దు ఉండదు.