బ్రౌన్ ట్రౌట్: ఆవాస ఎంపిక, శక్తి వినియోగం

బ్రౌన్ ట్రౌట్ ఐరోపాలోని చల్లటి వాగుల చేప. శాస్త్రీయ నామం సాల్మో ట్రుట్టా. 1900లో బ్రిటన్ నుంచి తెప్పించిన గుడ్లతో కాశ్మీరు వాగుల్లోకీ చేరింది. ప్రవాహంలో కొట్టుకొచ్చే పురుగులు దీని ముఖ్యాహారం. వాగులో ఎక్కడ నిలవాలన్నది దీనికి అచ్చంగా జమాఖర్చుల లెక్క.

నీరు జోరుగా పారేచోట మేత ఎక్కువ. అక్కడే ఎదురీదుతూ ఉండిపోతే మాత్రం తిన్నదంతా ఈతకే సరి. అందుకని ట్రౌట్ బండరాయి చాటున, ఉరవడి తగ్గిన చోట, ఎగువకు ముఖం పెట్టి నిలుస్తుంది. తోక కదిలీ కదలనట్టుంటుంది. పక్కనే పారే జోరునీటిలో మేఫ్లై పిల్లపురుగు కనబడిందా, చటుక్కున దూకి నోట కరుచుకుని మళ్లీ తన చోటికే వస్తుంది. మంచి చోటు సాధారణంగా పెద్ద చేపదే. అది పోయిందంటే మరొకటి వచ్చి చేరుతుంది.

ఈ లెక్కను పరిశోధకుడు కర్ట్ ఫౌష్ 1984లో కృత్రిమ వాగులో సాల్మన్ కుటుంబపు చేపపిల్లలతో పరీక్షించి చూపాడు. అదే ఏడాది మరో పరిశోధకుడు రాబర్ట్ బాక్‌మన్ పెన్సిల్వేనియాలోని స్ప్రూస్ క్రీక్‌పై తన పరిశీలనలు ప్రచురించాడు. హేచరీలో పెంచి వదిలిన ట్రౌట్‌లు అక్కడ ఎక్కువ తిరిగి, తక్కువ తిన్నాయి. రాతిచాటు విలువ వాటికి తెలియలేదనే చెప్పాలి.

చేప ఒంటి వేడి నీటిని బట్టే మారుతుంది కాబట్టి రుతువుతోపాటు లెక్కా మారుతుంది. నీరు 13, 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే ఎదుగుదల బాగుంటుంది. 20 దాటితే మేత మానేసి ఊటనీళ్లు కలిసే చల్లటి చోట్లు వెతుక్కుంటుంది. శరత్తు చివర ఆడచేప తోకతో గులకరాళ్లను తవ్వి గుడ్లు పెడుతుంది. ఈ పనికి ఒంటి కొవ్వు చాలావరకు కరిగిపోతుంది, సరిగ్గా చలికాలం ముంగిట.

చలికాలంలో సంపాదన కంటే పొదుపే ముఖ్యం. అరుగుదల మందగిస్తుంది, ఈతలో చురుకు తగ్గుతుంది. ఒళ్లు వేడిగా ఉండే వేటజంతువులకు అప్పుడు చేప సులువుగా దొరుకుతుంది. అందుకే పిల్లచేపలు పగలంతా రాళ్ల సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాకే మేతకు వస్తాయి. వాగు అడుగున మంచు పేరుకుంటే ఆ సందులూ మూసుకుపోతాయి. నిల్వ కొవ్వు ఖర్చుపెట్టి వేరే చోటు చూసుకోక తప్పదు.

చలికాలపు పగటిపూట చూస్తే వాగు ఖాళీగానే కనిపిస్తుంది. ఆ రోజుల్లో చేపల్ని కంటితో చూసి లెక్కించాలంటే రాత్రిపూట దీపాలతో నీటిలోకి దిగాల్సిందే.