పైలోకంలో పొరపాటు.. కింద రెండు ఆస్కార్లు! ‘హియర్ కమ్స్ మిస్టర్ జోర్డాన్’ విమర్శకులకు ఎందుకు నచ్చిందంటే..

ఆయువు తీరకముందే ప్రాణం తీసుకెళ్లిపోతే? పైవాళ్లు తప్పు ఒప్పుకునేలోపు కింద శరీరం కాస్తా దహనమైపోతే? మనవాళ్లకు 1988 నాటి ‘యముడికి మొగుడు’ను గుర్తుచేసే ఈ పాయింట్‌తో హాలీవుడ్‌లో 1941లోనే సినిమా వచ్చింది. అదే కొలంబియా సంస్థ తీసిన ‘హియర్ కమ్స్ మిస్టర్ జోర్డాన్’. దర్శకుడు అలెగ్జాండర్ హాల్.

జో పెండిల్టన్ (రాబర్ట్ మాంట్‌గొమరీ) ఓ బాక్సర్. విమాన ప్రమాదంలో పడగానే, కొత్త దేవదూత ఒకడు తొందరపడి ప్రాణం లాగేస్తాడు. లెక్క ప్రకారం జోకు 1991 దాకా ఆయుష్షు ఉంది! పై అధికారి మిస్టర్ జోర్డాన్ (క్లాడ్ రెయిన్స్) అతడికి వేరే శరీరం వెతికిపెట్టాల్సి వస్తుంది. దొరికింది ఎవరిదో తెలుసా? భార్య, సెక్రటరీ కలిసి చంపేసిన ఓ కోటీశ్వరుడిది.

విడుదలైనప్పుడు న్యూయార్క్ టైమ్స్ సహా పత్రికలు బాగానే మెచ్చుకున్నాయి. ఇందులో పరలోకం భయపెట్టదు. మేఘాల మీద విమానం, ఎక్కాల్సిన ఆత్మల జాబితా.. అచ్చం ఆఫీసు వ్యవహారమే. చావును గుమాస్తా పొరపాటుగా చూపడంలోనే కామెడీ అంతా ఉంది. శరీరం మారినా తెరపై మాంట్‌గొమరీనే కనిపిస్తాడు. మిగతా పాత్రలకు మాత్రం అతడు కోటీశ్వరుడే. ట్రిక్ షాట్ల అవసరమే లేకుండా పోయింది. ఇక శాక్సోఫోన్ అపశ్రుతులు విని, ఎదురుగా ఉన్నది తన జోనే అని మేనేజర్ (జేమ్స్ గ్లీసన్) గుర్తుపట్టే సీన్ ఇప్పటికీ నవ్విస్తుంది.

1942 ఆస్కార్లలో ఏడు నామినేషన్లు వచ్చాయి. కథకు హ్యారీ సెగాల్, స్క్రీన్‌ప్లేకు సిడ్నీ బుక్‌మన్, సీటన్ మిల్లర్ గెలిచారు. పోయిన ఐదింటిలో నాలుగు ‘హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ’ ఎగరేసుకుపోయింది. ఉత్తమ నటుడు మాత్రం గ్యారీ కూపర్.

అందరూ ఒప్పుకోనిది క్లైమాక్స్. చివరికి జో మరో బాక్సర్ శరీరంలో స్థిరపడతాడు. పాత జ్ఞాపకాలన్నీ జోర్డాన్ తుడిచేస్తాడు. ప్రేమించిన అమ్మాయి ఎదురైనా ఆమె ఎవరో తెలియదు. ఏదో పరిచయం ఉన్నట్టు ఇద్దరికీ అనిపిస్తుందంతే. దీన్ని శుభం కార్డు అనాలా? తనెవరో మరిచిపోయినవాడు బతికినట్టా, పోయినట్టా? నవ్వుల సినిమాలో ఇంత గుబులు అరుదు. అమెరికా యుద్ధంలోకి దిగడానికి కొన్ని నెలల ముందు వచ్చిన సినిమా కావడంతో ఆ గుబులు ఇంకా బరువెక్కింది.

ఇలాంటి పరలోక సినిమాలకు పీటర్ వాలెంటీ అనే పరిశోధకుడు 1978లో ‘ఫిల్మ్ బ్లాన్’ అని పేరు పెట్టాడు. అదే ఏడాది వారెన్ బేటీ రీమేక్ ‘హెవెన్ కెన్ వెయిట్’ వచ్చింది. బాక్సర్ కాస్తా ఫుట్‌బాల్ ఆటగాడయ్యాడు. తొమ్మిది నామినేషన్లు వస్తే దక్కింది ఒక్కటే, అదీ ఆర్ట్ డైరెక్షన్‌కు. 2001లో క్రిస్ రాక్ ‘డౌన్ టు ఎర్త్’గా మళ్లీ తీస్తే విమర్శకులు చాలావరకు పెదవి విరిచారు.