తాడు, గాలి, లోతు: గుహ డైవింగ్ నియమాలు పుట్టిన తీరు

ఉత్తర ఫ్లోరిడా నేల అడుగున సున్నపురాయి పొరలు పరుచుకుని ఉన్నాయి. యుగాలుగా ఇంకిన వాననీరు ఆ రాయిని కరిగించి మైళ్ల పొడవున సొరంగాలు తొలిచింది. నిండా నీళ్లున్న ఆ సొరంగాలు గిన్నీ స్ప్రింగ్స్, పీకాక్ స్ప్రింగ్స్ వంటి చోట్ల ఊటలై పైకి తెరుచుకుంటాయి. ఆ నీరు ఎంత తేటగా ఉంటుందంటే గుహ లోపలి గోడలు కూడా చాలా దూరం వరకు కనిపిస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం తరవాత స్కూబా పరికరాలు మామూలు జనానికి అందుబాటులోకి వచ్చాయి. సముద్రంలో ఈదడం నేర్చిన ధైర్యంతోనే యువకులు ఈ ఊటల్లోకి దిగారు.

నీటి తేటదనం వారిని మోసగించింది. లోపలికి పోయేటప్పుడు దారి స్పష్టంగానే ఉంటుంది. ఈదేవారి కాళ్ల తాకిడికి అడుగున పేరుకున్న సన్నని ఒండ్రు లేచిందంటే క్షణాల్లో చెయ్యి కూడా కనబడదు. సముద్రంలో ఆపద వస్తే పైకి పోవచ్చు. గుహలో తలపైన ఉండేది రాతి కప్పు. వచ్చిన దారినే, సిలిండర్‌లో మిగిలిన గాలితోనే వెనక్కి రావాలి. 1960లు, 70లలో అలా రాలేకపోయినవారి సంఖ్య ఏటేటా పెరిగింది. గుహల ముఖద్వారాలు మూసేయాలన్న మాట బలంగా వినిపించింది. డైవర్లు సంఘటితం కావలసిన అవసరం ఏర్పడింది. ఫ్లోరిడాలో 1968లో ఒక గుహ డైవింగ్ సంఘం ఏర్పడగా, 1973లో అమెరికా జాతీయ గుహ పరిశోధన సంఘం తనలో ప్రత్యేక డైవింగ్ విభాగాన్ని నెలకొల్పింది.

ఈ దశలో ముందుకొచ్చిన వ్యక్తి షెక్ ఎక్స్‌లీ. 1949లో జాక్సన్‌విల్‌లో పుట్టిన ఎక్స్‌లీ వృత్తిరీత్యా గణితం చెప్పే ఉపాధ్యాయుడు. జరిగిన మరణాల వివరాలు సేకరించి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాడు. విడివిడిగా చూస్తే ప్రతి మరణమూ ఒక దురదృష్టం. కలిపి చూస్తే అవే పొరపాట్లు మళ్లీ మళ్లీ కనిపించాయి. ప్రధానంగా మూడు కారణాలు తేలాయి. బయటి నుంచి లోపలిదాకా తెగకుండా సాగే తాడు వేసుకోకపోవడం మొదటిది. తిరుగు ప్రయాణానికి చాలినంత గాలి మిగుల్చుకోకపోవడం రెండోది. నైట్రోజన్ మత్తు తలకెక్కేంత లోతుకు పోవడం మూడోది. 1979లో వెలువడిన తన చిన్న పుస్తకంలో ఆయన సిఫారసులను నిజంగా జరిగిన ప్రమాదాలతో జోడించి చెప్పాడు. నియమాన్ని చదివేవారికి అది ఎవరి ప్రాణం ఖరీదో కూడా తెలిసేది.

గాలికి సంబంధించిన మూడోవంతు నియమం వెనక ఉన్న లెక్క సులువైనది. సిలిండర్‌లోని గాలిలో మూడోవంతు లోపలికి పోవడానికి, మరో మూడోవంతు బయటికి రావడానికి. చివరి మూడోవంతును ముట్టుకోకూడదు. గుహ చిట్టచివర జతగాడి గాలి పూర్తిగా పోయిందనుకోండి. రెండోవాడి దగ్గర మిగిలిన రెండు వంతులూ ఇద్దరూ బయటపడడానికి సరిగ్గా సరిపోతాయి. కానీ భయపడిన మనిషి గాలిని త్వరగా ఖర్చు చేస్తాడు. ఒండ్రు లేచిన దారిలో ఈత మందగిస్తుంది. కాబట్టి మూడోవంతు నియమం ఇచ్చేది కనీస రక్షణే. అంతకుమించి మిగుల్చుకున్నవాడు మరింత క్షేమం.

ఇదే కాలంలో దక్షిణ ఆస్ట్రేలియాలోని మౌంట్ గాంబియర్ ప్రాంతం కూడా ఇదే పాఠం నేర్చుకుంది. అక్కడి నీటి గుహల్లో 1969 నుంచి 1974 వరకు 11 మంది చనిపోయారు. 1973 మే నెలలో ‘ద షాఫ్ట్’ అనే గుహలో ఒకే రోజు నలుగురు మరణించారు. సన్నని రంధ్రం గుండా దిగితే లోపల విశాలమైన చీకటి గది తెరుచుకునే చోటు అది. అదే ఏడాది సెప్టెంబరులో ఆస్ట్రేలియా గుహ డైవర్ల సంఘం ఏర్పడింది. గుహలను కష్టాన్ని బట్టి వర్గీకరించి, పరీక్ష నెగ్గినవారికే ఆయా వర్గాల్లోకి అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. ఆ తరవాత మరణాలు బాగా తగ్గాయి. గుహలను మూసేయకుండానే ప్రాణాలు కాపాడవచ్చని ఆ అనుభవం రుజువు చేసింది.

1980లలో ఫ్లోరిడాలో వెస్ స్కైల్స్ వంటి గుహ డైవర్లు కొత్త ప్రమాదాలను పరిశీలించి, ఎక్స్‌లీ చెప్పిన మూడింటికి మరో రెండు చేర్చారు. ఒకటి శిక్షణ, రెండోది ఒక్కొక్కరి దగ్గర కనీసం మూడు దీపాలు. చనిపోయినవారిలో ఎక్కువమంది గుహ శిక్షణ లేనివారే. వారిలో సముద్ర డైవింగ్ నేర్పే గురువులు కూడా ఉన్నారు. ఈ గమనింపు నుంచి ఆచరణలోకి వచ్చిన కట్టుబాటు ఒకటి నాకు ఎంతో వివేకవంతంగా తోస్తుంది. శిక్షణ లేనివారు కొన్ని ఊటల్లోకి దీపం తీసుకుపోవడమే నిషేధం. దీపం చేతిలో ఉంటే ఇంకొంచెం లోపలికి చూద్దామనిపిస్తుంది. అది లేకపోతే చీకటి మొదలైన చోటే మనిషి ఆగిపోతాడు.

నియమాలు రాసిన మనిషి కూడా చివరికి గుహలోనే కన్నుమూశాడు. 1994 ఏప్రిల్ 6న మెక్సికోలోని సకాటోన్ అనే నీటి గొయ్యిలో వెయ్యి అడుగుల లోతును అందుకోవాలని ఎక్స్‌లీ దిగాడు. తిరిగి రాలేదు. తరవాత ఆయన దేహాన్ని పైకి తెచ్చినప్పుడు లోతుమాపకం వెయ్యి అడుగులకు తక్కువే చూపుతోంది. కచ్చితమైన కారణం తేలలేదు. ఆయన నియమాల విలువ దీనివల్ల తగ్గదు. కానీ మనిషి శరీరం భరించే హద్దుల దగ్గర పాత నియమాలు చాలవని ఆ మరణం చెప్పింది.

ఆ హద్దు ఎలాంటిదో 2005లో మరింత స్పష్టంగా తెలిసింది. దక్షిణాఫ్రికాలోని బుష్‌మన్స్ హోల్ గుహలో దాదాపు 270 మీటర్ల లోతున పదేళ్లుగా ఉన్న ఒక యువకుడి మృతదేహాన్ని పైకి తేవాలని డేవిడ్ షా అనే డైవర్ జనవరి 8న దిగి, ఆ ప్రయత్నంలోనే మరణించాడు. ఆయన శిరస్త్రాణానికి అమర్చిన కెమెరా ఆ చివరి నిమిషాలను శబ్దంతో సహా నమోదు చేసింది. వైద్యుడు సైమన్ మిచెల్, ఆయన సహచరులు దాన్ని పరిశీలించి 2007లో పరిశోధన పత్రం ప్రచురించారు. అంత లోతులో పీల్చే వాయువు చిక్కనవుతుంది. శ్రమ పెరిగే కొద్దీ ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపలేకపోతాయి. దాన్ని పంపడానికి పడే ప్రయాసే మరింత కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టిస్తుంది. చివరికి స్పృహ తప్పుతుంది. అందుకే లోతులో పీల్చే వాయువు లీటరు బరువు 5.2 గ్రాములకు లోపు ఉండేలా చూసుకోవాలని, ఎట్టి పరిస్థితిలోనూ 6.2 దాటకూడదని 2016లో గావిన్ ఆంథొనీ, మిచెల్ సూచించారు. ఒకప్పుడు చాలామంది లెక్కలోకి తీసుకోని విషయానికి ఇప్పుడొక హద్దు ఏర్పడింది.

అదే 2016లో అమెరికా గుహ డైవింగ్ మరణాలపై 30 ఏళ్ల సమీక్ష వచ్చింది. 1985 నుంచి 2015 వరకు 161 మరణాలను పరిశీలిస్తే అందులో 67 మంది శిక్షణ పొందినవారు, 87 మంది పొందనివారు. ఏటా ఎనిమిది వరకు ఉన్న మరణాలు మూడుకు లోపు తగ్గాయి. కానీ మృతుల్లో శిక్షణ పొందినవారి వాటా రెట్టింపయింది. మరణానికి దారితీసే క్రమం మాత్రం పాతదే. ఒండ్రు లేవడం, దారి తప్పడం, గాలి అయిపోవడం.

ఈ చరిత్రను రెండు భాగాలుగా అర్థం చేసుకోవాలి. నియమం తెలియక చనిపోయేవారిని నియమాలు చాలావరకు కాపాడాయి. నియమం తెలిసీ చనిపోతున్నవారి సంగతి వేరు. ఒకసారి తాడు లేకుండా పోయి క్షేమంగా తిరిగి వచ్చినవాడికి ఆ తప్పు తప్పుగా తోచదు. పదిసార్లు అలా వచ్చాక అదే అలవాటు అవుతుంది. ఈ జబ్బుకు మృతుల నివేదికలు మాత్రమే మందు కాలేవు. కొద్దిలో తప్పించుకుని బతికి వచ్చినవాడు జరిగింది జరిగినట్టు చెప్పగలగాలి. చెప్పినందుకు అవమానం పాలు కాకూడదు. విన్నవారు ‘నేనైతే అలా చేసేవాణ్ణి కాదు’ అనుకుని పక్కకు తప్పుకోకూడదు. ఎక్స్‌లీ మృతుల వివరాలు చదివినప్పుడు వెతికింది దోషిని కాదు, మళ్లీ మళ్లీ జరుగుతున్న తప్పును. ఆ చూపును బతికున్నవారి అనుభవాలకూ వర్తింపజేస్తే, తరవాతి నియమం కోసం మరో ప్రాణం పోయేదాకా ఆగనక్కర్లేదు.