నదిలో రెండు రోజుల యాత్ర: దారి ఎంచుకునే ముందు చూడవలసినవి

సెలవులు దగ్గర పడగానే సంఘం ఆఫీసుకు వచ్చే ప్రశ్నల్లో ఈ మధ్య ఒకటి కొత్తగా చేరింది. పిల్లలు ఫోన్లలో కయాక్‌లు, టెంట్లు చూస్తున్నారు. మన మాంజ్రాలోనే తెడ్డు వేసుకుంటూ వెళ్లి, రాత్రి ఒడ్డున గుడారం వేసుకుని, మర్నాడు ఇంకో ఊళ్లో తేలవచ్చు కదా అని అడుగుతున్నారు. అడిగి వెళ్తున్నారు, అది మంచిదే. కమలనగర్, భాల్కీ, ఔరాద్ తాలూకాల్లోని మన కుటుంబాలకు పనికివస్తుందని మాకు తెలిసిన సంగతులు ఇక్కడ రాసి పెడుతున్నాము.

అందరూ పడవ ఎక్కడ ఎక్కాలి అన్నదాని నుంచి మొదలుపెడతారు. మేము చెప్పేది తిరగేసి చూడమని. దిగే చోట్లు ముందు రాసుకోండి: వంతెన, ఊరి రేవు, గుడి ఘాటు, ఆటో వచ్చే బండిబాట. పిల్లలూ పెద్దలూ ఉన్న బృందానికి మూడు నాలుగు కిలోమీటర్లకొక దిగే చోటు దొరకని దారి వద్దు. ఎండదెబ్బ తగిలినా, చెయ్యి బెణికినా, మబ్బు పట్టినా ఆ చోట్లే అక్కరకొస్తాయి. పడవ ఎక్కే చోటు ఆఖరున దానంతట అదే తేలుతుంది.

తర్వాతి ప్రశ్న, ఆ నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయని. ఇప్పుడు మన వైపు నదుల్లో చాలావరకు గేట్ల ప్రకారమే పారుతున్నాయి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో జరిగింది మన ఇళ్లలో అందరికీ గుర్తుండే ఉంటుంది. ఎగువన లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. విహారయాత్రకు వెళ్లి నదిలోని రాళ్ల మీద నిలబడి ఉన్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది పోయారు. అక్కడ ఆ పూట వాన లేదు. ఆకాశం చూసి నదిని అంచనా వేసే కాలం పోయిందని దీన్నిబట్టి తెలుస్తుంది. ఎగువన ఏ డ్యాం ఉంది, నీళ్లు ఎప్పుడు వదులుతారు అన్నది నీటిపారుదల శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. ఫోన్‌లో కాకుండా మనిషి వెళ్లి అడిగితే సరైన జవాబు దొరుకుతుంది. గుమాస్తాగిరి చేసినవాళ్లం, ఆ సంగతి మాకు తెలుసు.

ఇక మన మాంజ్రా. తెలంగాణలో మంజీర అనే ఈ నది బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, లాతూరు మీదుగా మన జిల్లాలోకి వచ్చి, సంగారెడ్డి వైపు తిరిగి, సుమారు 724 కిలోమీటర్లు పారి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పేరుకు పెద్ద నదే గాని వాన మీద బతికే నది. 2016 ఏప్రిల్‌లో మిరజ్ నుంచి లాతూరుకు రైల్లో తాగునీళ్లు తెచ్చారు. ఈ నది మీద ధనేగావ్ దగ్గర కట్టిన డ్యాం ఎండిపోవడం వల్లనే ఆ గతి పట్టింది. జులై నుంచి అక్టోబరు దాకా వరద భయం ఉంటుంది. జనవరి దాటితే ఇసుక, మధ్యలో మడుగులు మిగులుతాయి. నడుమ నవంబరు, డిసెంబరు నెలల్లో నీళ్లుంటాయి గాని బ్యారేజీల మధ్య ముక్కలుగా ఉంటాయి.

ఈ బ్యారేజీల గురించి కాస్త వివరంగా చెప్పాలి. చిన్న ఆనకట్ట మీదుగా నీళ్లు పల్చగా జారుతుంటే పిల్లలకు జారుడుబల్లలా కనిపిస్తుంది. కింద జరిగేది వేరు. పడిన నీళ్లు అడుక్కి వెళ్లి, కొంచెం దూరంలో పైకి లేచి, మళ్లీ గోడ వైపే వెనక్కి తిరుగుతాయి. ఆ తిరుగుడులో చిక్కిన పడవ గాని మనిషి గాని లైఫ్ జాకెట్ ఉన్నా బయటికి రావడం కష్టం. మనిషెత్తు గోడైనా చాలు. కాబట్టి గోడ కనపడగానే, చప్పుడు వినపడక ముందే, ఒడ్డుకు చేరి పడవను భుజాన మోసుకుని దాటాలి. మోయడానికి బాట లేని బ్యారేజీ ఉంటే అక్కడితో ఆ దారి ఆపేయండి. ఇసుక తవ్విన గుంతలు రెండో ప్రమాదం. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ పడవ లాగుతుంటే ఒక్క అడుగులో నిలువు లోతు రావచ్చు.

కిందికి పోతే సింగూరుకు, మంజీర బ్యారేజీకి మధ్య ఉన్నది వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ మొసళ్లున్నాయి. 1972 చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి లేకుండా అందులోకి పోకూడదు. మొసలి సరిహద్దు రాయి చూసి ఆగదు కాబట్టి మన జిల్లా మడుగుల దగ్గర కూడా రాత్రి నీటి అంచున పడుకోవద్దనే మా మాట.

అమెరికా, కెనడాలలో ఉన్న మన పిల్లలు మిన్నెసోటాలోని బౌండరీ వాటర్స్, ఒంటారియోలోని అల్గాన్‌క్విన్ పార్కులకు వెళ్లి గుడారాల్లో ఉండి వస్తున్నారు. అక్కడ ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు పడవ మోసుకుపోయే బాటలను మ్యాపులోనే కొలిచి చూపిస్తారు. బౌండరీ వాటర్స్‌లో ఒక బృందానికి తొమ్మిది మందిని, నాలుగు పడవలను మించనివ్వరు. అక్కడివాళ్లు దారి ఎంచుకునేది దూరం చూసే కాదు, మోత కూడా చూసి. మనం నేర్చుకోవలసింది అది. మ్యాపు మీద దారం పరిచి నది వంపులన్నీ కొలవండి. రోడ్డు దూరానికి ఒకటిన్నర రెట్లు వచ్చినా ఆశ్చర్యం లేదు. కొత్తవాళ్లు నిలకడ నీళ్లలో గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు పోగలరు, ఎదురుగాలిలో అందులో సగం. రోజుకు పది కిలోమీటర్లు చాలు. లెక్క వేసేటప్పుడు బృందంలో అందరికంటే నెమ్మదైన మనిషినే లెక్కలోకి తీసుకోవాలి.

ఇవన్నీ చూశాక మేము చెప్పే వరస ఇది. తెడ్డు కొత్తగా పట్టేవాళ్లు ముందు కారంజా జలాశయం అంచున, అనుమతి తీసుకుని, చలికాలం ఉదయం ఒక పూట తిరగండి. చేపలు పట్టేవాళ్ల పుట్టి కుదుర్చుకుంటే వాళ్లే నేర్పుతారు. కూలి ముందే మాట్లాడుకుని పూర్తిగా ఇవ్వండి, ఏరు దాటాక బోడి మల్లయ్య అనకండి. ఈతా తెడ్డూ వచ్చిన యువకులు దాండేలి వెళ్లవచ్చు. అక్కడ కాళీ నదిలో తెప్పల యాత్ర సూపా డ్యాం వదిలే నీటిని బట్టి నడుస్తుంది. అది పులుల అడవి, గుడారం మన ఇష్టం వచ్చినచోట వేయడానికి లేదు.

ముసలివాళ్లతో సహా ఇల్లంతా వెళ్లాలంటే మాత్రం పాపికొండలే. అందులో తెడ్డు పని లేదు, లాంచీలో పోవడమే. అయినా నదిని, కొండను, తెలుగు మాటను ఒక్కచోట చూపించడానికి మాకు అంతకంటే మంచి దారి తెలియదు. రాజమండ్రి వైపు నుంచి గండి పోచమ్మ దగ్గర, భద్రాచలం వైపు నుంచి పోచవరం దగ్గర ఎక్కుతారు. సికింద్రాబాద్‌లో బండి మారాలి. భద్రాచలం రోడ్ అని రాసిన స్టేషను కొత్తగూడెంలో ఉంటుంది, గుడికి అక్కడి నుంచి ఇంకా 40 కిలోమీటర్లు. పోలవరం పనుల వల్ల నీటిమట్టం మారింది, పాత ఫొటోల్లోని ఇసుక తిన్నె, వెదురు గుడిసె ఇప్పుడూ ఉన్నాయా అని బుక్ చేసే ముందే అడగండి. నెలలు నవంబరు నుంచి ఫిబ్రవరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగింది వరద ప్రవాహంలోనే. 77 మందిలో బతికి బయటపడినవారు 26 మంది. వరద రోజుల్లో ఎవరైనా టికెట్ ఇస్తామన్నా తీసుకోవద్దు, కట్టిన డబ్బు పోయినా సరే. జాకెట్ ఎక్కేటప్పుడు వేసుకుని దిగాకే విప్పాలి. పిల్లలకు వాళ్ల కొలతదే అడిగి తీసుకోండి.

ఎక్కడైనా ఒడ్డున రాత్రి ఉండవలసి వస్తే తుమ్మ చెట్ల కొమ్మలు చూడండి. గడ్డి, చింకి గుడ్డలు ఏ ఎత్తున చిక్కుకుని ఉంటే వరద అంత దాకా వచ్చినట్టు. గుడారం దానికి పైనే వేయాలి. చీకటి పడే గంట ముందే ఒడ్డు చేరాలి.

బయలుదేరే ముందు ఒక కాగితం మీద అందరి పేర్లు, వయసు, రక్తం గ్రూపు, ఎక్కే చోటు, దిగే చోట్లు, రాత్రి బస రాసి ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి సంఘం ఆఫీసులో ఇవ్వండి. సాయంత్రం ఎన్ని గంటలకల్లా ఫోన్ చేస్తారో కూడా అందులో ఉండాలి. ఆ గంట దాటితే మేము మీకోసం ఎదురు చూడము, 112కు ఫోన్ చేస్తాము.