సంతలో కుంచం, సంచి మీద అచ్చు

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం ప్రాంతాల వారపు సంతల్లో తిండి సరుకు మంచిచెడ్డలు తేల్చింది చాలాకాలం చేయీ నోరే. ఇప్పపువ్వును గుప్పిట బిగించి వదిలితే చాలు: ముద్దగా అంటుకుంటే తడి ఉన్నట్టు, విడివిడిగా రాలితే ఆరినట్టు. జొన్నగింజను పంటికింద కొరికి చూసేవారు. జీలుగు మాను లోపలి గుజ్జును పిండి చేసుకుని కొండరెడ్లు తిండికి కటకటలాడే నెలలు గడుపుకోవడం మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో వారి మీద వెలువరించిన పుస్తకంలో ఉంది. ఏ దినుసు ఒంటికి ఎంత పట్టిస్తుందో వారికి ఒకరు చెప్పనక్కర్లేదు. మోసమంతా కొలతలో జరిగేది. అడవిలో దొరకని ఉప్పు కోసం చింతపండో ఇప్పపువ్వో ఇచ్చేవారికి వర్తకుడి కుంచం కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఇంకొకటి.

ఆ దోపిడీని అడ్డుకోవడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. భద్రాచలం అప్పటికి తూర్పు గోదావరి జిల్లాలోది. ఖమ్మంలో కలిసింది 1959లో. సంస్థ డిపోలు అటవీ ఫలసాయం కొని, ఉప్పూపప్పూ అమ్మాయి. అడవి తేనె సీసాకెక్కి, ఆగ్‌మార్క్ ముద్రతో పట్నం చేరింది. అంటే లేబుల్ మొదట అడవివాళ్ల కోసం రాలేదు, వాళ్ల సరుకు కొనేవాళ్ల కోసం వచ్చింది.

ప్యాకెట్ ఆహారం మీద పోషక విలువల పట్టిక దేశమంతటా తప్పనిసరి అయింది 2009లో. దాన్ని ఎవరు చదువుతున్నారు? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఢిల్లీ, హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో కొనుగోలుదారులను అడిగి 2014లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కువమంది చూసేది తయారీ తేదీ, గడువు తేదీ. పోషకాల వివరాలు, దినుసుల జాబితా చూసేవారు మూడోవంతే; ఆ భాష అర్థం కాదన్నది ఒక కారణం. నగరవాసుల సంగతే అది. పైగా లేబుల్ ఇంగ్లీషులోనో దేవనాగరి లిపి హిందీలోనో ఉంటే చట్టానికి సరిపోతుంది. ఈ భద్రాచలం ప్రాంతంలో ఇంట్లో కోయభాష మాట్లాడి, బడిలో తెలుగు నేర్చినవారికి ఆ రెండూ పరాయివే. ఇది చిన్న లోపం కాదు.

ఇనుము కలిపిన రేషన్ బియ్యం విషయంలో ఇంకో లోపం బయటపడింది. సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవారు ఇనుము కలిపిన ఆహారం తినవద్దన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండాలని 2018 నాటి ఆహార నిబంధనలు చెప్పాయి. ఆ జబ్బు కోయల్లో ఉన్నదే. కానీ రేషన్ బియ్యం గోనెసంచిలోంచి విప్పి, తూచి, ఇంటినుంచి తెచ్చుకున్న సంచిలో పోస్తారు. అచ్చు గోనె మీదే ఉండిపోతుంది. ఆ బియ్యంతో హాని లేదని నిపుణుల సంఘం తేల్చాక 2024లో హెచ్చరికనే తీసేశారు.

భద్రాచలంలో ఒకప్పుడు కూలికి వెళ్లిన మహిళలు ఇప్పుడు చిరుధాన్యాల బిస్కెట్లు చేసి ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరిట అమ్ముతున్నారు. 2025 జూన్ ‘మన్ కీ బాత్’లో ప్రధాని వీరిని ప్రస్తావించారు. ఆ పొట్లం మీద పోషక విలువల పట్టిక అచ్చువేయించాల్సింది వారే.